ఉగ్రాణం గుమ్మంలో చినతాత

చిరంజీవులు శ్రావణికి, కార్తీక్‌కు తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న ఆదివారం మెరీనాలో సుండల్ పొట్లం చేతపట్టుకొని, దూరాన లంగరు వేసి ఉన్న ఓడను చూపిస్తూ, "తాతయ్యా, నడిసముద్రంలో దొంగలు పడితే ఆ ఓడకు పోలీసులు ఎట్లా వస్తారు?" అని కార్తీక్ అడిగాడు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను గాని, ఆ ప్రశ్న నాలుగు రోజులుగా నన్ను వదలలేదు.

పోలీసులు రాలేరు కనుకనే పూర్వం యుద్ధనౌకలు కాపలావారిని వెంటబెట్టుకొనే బయలుదేరేవి. వారిని మెరైన్లు అంటారు. ఇంగ్లండులో ఇటువంటి దళాన్ని మొదట 1664లో ఏర్పరచారు. వారు ఓడ నడిపే కళాసీలు కారు, తుపాకి పట్టుకొని ఓడ ఎక్కిన సైనికులు.

వారి పని తెలియాలంటే సూళ్ళూరుపేటలో జరిగిన మా మేనత్త పెళ్ళి సంగతి చెప్పాలి. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. పెరట్లో గాడిపొయ్యి మండుతూ ఉండగా, నెయ్యి, బెల్లం, లడ్లు దాచిన ఉగ్రాణం గది గుమ్మంలో మా చినతాత పీట వేసుకొని, మొలతాడుకు తాళంచెవి కట్టుకొని కూర్చున్నాడు. ఆయన వంట చేయడు, వడ్డించడు, ఎవరితోనూ కబుర్లాడడు. ఆయన నీళ్ళు తాగడానికి లేచిన క్షణంలో నేను లోపలికి దూరి వచ్చి, ఏమీ ఎరుగనట్లు నిలబడ్డాను. ఆయన ఒక్క మాటా అనకుండా నా అరచేయి తెరిపించి వాసన చూశాడు. నెయ్యి!

ఓడలోనూ అంతే. మందుగుండు గది ముందు, సారా పీపాల గది ముందు, కెప్టెన్ గది ముందు మెరైన్ నిలబడేవాడు. మొదటి గదిలోకి ఒక్క నిప్పురవ్వ పోతే ఓడే మిగలదు. చినతాత రాత్రి పక్క వేసుకొన్నది వంటవాళ్ళకూ పెళ్ళిపెద్దలకూ నడుమ ఉన్న వసారాలో. మెరైన్ల పడకలు కూడా కళాసీలకూ అధికారులకూ మధ్యనే ఉండేవి. చినతాత బావిలో నీళ్ళు తోడి ఇచ్చేవాడు గాని గరిటె ముట్టేవాడు కాదు. మెరైన్లు కూడా తాళ్ళు లాగడంలో చేయి వేసేవారు గాని, తెరచాపకొయ్యలు ఎక్కమని వారిని బలవంతపెట్టకూడదు. ఈ ఎడం ఎందుకంటే, కాపలా బయటి దొంగ కోసమే కాదు, ఇంటి చేతుల కోసం కూడా. కళాసీలు తిరగబడితే కెప్టెన్‌కు రక్షణగా అడ్డు నిలవవలసినది మెరైన్లే. అందుకే మీ అపార్టుమెంటు వాచ్‌మన్ మిమ్మల్ని కూడా ఆపి పేరు అడిగినప్పుడు చిరాకు పడకండి.

బౌంటీ అనే చిన్న ఓడలో ఒక్క మెరైన్ కూడా లేడు. 1789లో తిరుగుబాటుదారులు కెప్టెన్ బ్లైను పద్దెనిమిది మందితో కలిపి ఒక పడవలో సముద్రం మీద వదిలేశారు. మెరైన్లు ఉంటే అట్లా జరిగేది కాదని నేను ప్రమాణం చేయను. నేను లడ్డు తీసిన రోజున చినతాత అక్కడే ఉన్నాడు మరి.

యుద్ధం వస్తే మాత్రం నా చినతాత పోలిక పనికిరాదు. తెరచాపకొయ్యల మీద మన చేలల్లోని మంచెల వంటివి ఉండేవి. మెరైన్లు వాటిపై నుండి గురి చూసి కాల్చేవారు. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో ఇంగ్లండు నౌకాధిపతి నెల్సన్ కూలినది శత్రునౌక మీది అటువంటి మంచె నుండి వచ్చిన గుండుకే.

ఇక పోలీసులు ఎట్లా వస్తారన్న నీ ప్రశ్నకు ఈ కాలపు జవాబు ఒకటి ఉంది: ఆకాశం నుండి. 2024 మార్చిలో, సోమాలియా దొంగల చేతిలో చిక్కిన రూయెన్ అనే సరుకుల ఓడను మన యుద్ధనౌక ఐఎన్ఎస్ కోల్‌కతా అడ్డగించగా, మన నౌకాదళపు మార్కోస్ కమాండోలు సీ-17 విమానం నుండి పారాచూట్లతో నడిసముద్రంలోకి దిగారు. దాదాపు 40 గంటలు పట్టింది. 35 మంది దొంగలు లొంగిపోయారు, 17 మంది ఓడ సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. ఆ కమాండోలు నీళ్ళలో నుండి ఓడ పైకి ఎట్లా ఎక్కి ఉంటారో తలచుకొంటే నాకు ఈ వయసులోనూ ఒళ్ళు జలదరిస్తుంది.

శనివారం చీకటి పడ్డాక అమ్మను తీసుకొని మళ్ళీ మెరీనాకు వెళ్ళండి. రేవులో చోటు కోసం లంగరు వేసి ఉన్న ఓడల దీపాలు వరుసగా కనిపిస్తాయి. ప్రతి ఓడలోనూ ఎవరో ఒకరు మేలుకొని ఉంటారు. ఎన్ని దీపాలు లెక్కకు వచ్చాయో నాకు వ్రాయండి. సుండల్ బండి దీపాన్ని అందులో కలపకండి.

మీ తాతయ్య