చెరువుల మీద ఇళ్లు లేచాక తిరుపతి వాన ఎటు పోవాలి?

2021 నవంబరు మూడో వారంలో శేషాచలం మీద కురిసిన వాన కపిలతీర్థం, అలిపిరి వైపు నుంచి తిరుపతి వీధుల్లోకి దూకింది. స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనన్న టెన్షన్‌తో దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. అంత వాన ఏ ఊరికైనా కష్టమే. కానీ తిరుపతి కష్టానికి అంతకుముందే ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది.

కొండ కిందనే ఉన్న ఊరు ఇది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడల్లా కొండ నీళ్లు వంకల వెంట దిగి చెరువుల్లో చేరేవి. ఒక చెరువు నిండి మరవ పారితే, ఆ నీళ్లు కింది చెరువుకు పోయేవి. పేరూరు, అవిలాల చెరువులు ఈ పనే చేసేవి. 1991లో అవిలాల చెరువు భూమిని హౌసింగ్ బోర్డుకు, 1994లో పేరూరు చెరువు భూమిని టీటీడీకి ఇస్తూ ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. దాని మీద ఇంటలెక్చువల్స్ ఫోరం అనే తిరుపతి సంస్థ కోర్టుకెక్కింది. 2006 ఫిబ్రవరి 23న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది: చెరువులు ప్రజలవి, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే. అక్కడ కొత్త కట్టడాలు వద్దంది. అప్పటికే కట్టిన ప్రతి ఇంటికీ మిద్దె మీది వాన నీటిని పట్టే ఏర్పాటు ఉండాలని చెప్పింది. నా దృష్టిలో ఆ తీర్పులో అతి ముఖ్యమైన మాట ఇదే, మనం మరిచిపోయిందీ ఇదే. నీరు, భూమి, చెట్టు మూడింటినీ కలిపి చూసే వాల్టా చట్టం 2002 నుంచే మనకుంది.

మిద్దె మీది వానను అక్కడే ఆపడానికి ఇంకో దారి కూడా ఉంది. మిద్దె మీద మట్టి పరిచి మొక్కలు పెంచే ఈ ఆధునిక పద్ధతి 1970ల నుంచి జర్మనీలో ఎదిగింది. 2009లో టొరంటో పెద్ద కొత్త భవనాలకు దాన్ని తప్పనిసరి చేసింది. మన లెక్క చూద్దాం. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 9,300 లీటర్లు. పది సెంటీమీటర్ల మట్టి పొడిగా ఉంటే అందులో నాలుగో వంతు దాకా పట్టుకుంటుంది. ముందురోజే తడిసి ఉంటే పెద్దగా పట్టదు. కాబట్టి మామూలు వానలకు అది మేలే, 2021 లాంటి వానకు చాలదు. పైగా తడిసిన మట్టి చదరపు మీటరుకు వంద కిలోలు దాటుతుంది, పాత శ్లాబులు మోయలేవు. మన మిద్దె తోటల్లో మొక్కలు కుండీల్లో ఉంటాయి గనుక మిగతా శ్లాబు మీది నీళ్లు నేరుగా గొట్టంలోకే పోతాయి.

చెట్ల విషయంలో మాత్రం మనకు అదృష్టం ఉంది. వేప, కానుగ, చింత మన వానల కాలంలో నిండా ఆకుతో ఉంటాయి. కొమ్మలు కొంత వానను ఆపితే, వేళ్లు నేలను గుల్లచేసి మిగతా నీటిని లోపలికి దించుతాయి. అయితే చాలా వీధుల్లో సిమెంటు కాండం దాకా పోసేస్తున్నారు. నీళ్లు వేళ్లను తాకకుండా రోడ్డు పట్టుకుంటున్నాయి. కొత్త మొక్కలు నాటడానికి ముందు, ఉన్న చెట్ల చుట్టూ మీటరు వెడల్పున ఆ సిమెంటు పగలగొట్టాలి, కాలువలోకి పోయే నీటిని ఆ పాదుల్లోకి మళ్లించాలి. చెరువులకు నీళ్లు తెచ్చే వంకల మీది ఆక్రమణలు తీయడం దీనికంటే పెద్ద పని, దాన్నీ వెంటనే మొదలుపెట్టాలి.