బోల్టు సాగుతుంది

ఓ ఆదివారం బైకు ఇంజన్ ఆయిల్ నేనే మార్చుకుందామని కూర్చున్నాను. చివర్లో డ్రెయిన్ బోల్టు బిగిస్తూ, ఆయిల్ కారుతుందేమోనన్న టెన్షన్‌తో ఇంకో అర చుట్టు తిప్పాను. పానా ఒక్కసారిగా తేలికైపోయింది. తీసి చూస్తే బోల్టు మరల్లో అల్యూమినియం తీగలా చుట్టుకుని ఉంది. ఇంజన్ వైపు మర పోయింది.

షెడ్డులో మేస్త్రీ తిట్టలేదు. "ఎంత పానా వాడావయ్యా?" అన్నాడంతే. ఆయన చిన్న బోల్టులకు పానాను చివర పట్టుకోడు, బోల్టుకు దగ్గరగా పట్టుకుంటాడు. 6 మి.మీ. బోల్టుకు మామూలుగా 10 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, చాలు. 10 సెం.మీ. దూరంలో పట్టుకుంటే దానికి దాదాపు 10 కిలోల బరువంత నొక్కాలి. 30 సెం.మీ. దూరంలో మూడున్నర కిలోలకే పనైపోతుంది. నా చేతికి ఆ తేడా తెలియలేదు.

అసలు బోల్టు కూడా ఒక స్ప్రింగే. బిగిస్తే సాగుతుంది, వెనక్కి రావాలని లాగుతూ రెండు భాగాల్నీ అదిమి పడుతుంది. 100 మి.మీ. పొడవున్న గట్టి ఉక్కు బోల్టు సాగేది 0.2 మి.మీ. అటూ ఇటూ, అంటే రెండు కాగితాల మందం. సాగే హద్దు దాటేలా లాగితే మళ్లీ పాత పొడవుకు రాదు.

చిక్కేమిటంటే, ఎంత టార్క్‌తో బిగిస్తున్నామో చూపే పానా, అదే టార్క్ రెంచ్, ఈ సాగుడును కొలవదు, తిప్పడానికి పట్టే బలాన్నే కొలుస్తుంది. అందులో దాదాపు 90 శాతం బోల్టు తల కిందా మరల్లోనూ రాపిడికే పోతుంది. అందుకే మేస్త్రీ ముందు మరలు తుడుస్తాడు, వేళ్లతోనే నాలుగు చుట్లు ఎక్కించి చూస్తాడు. పొడి మరలకు చెప్పిన టార్క్‌ను నూనె రాసిన బోల్టుకు ఇస్తే రాపిడి తగ్గి, బోల్టు ఎక్కువ సాగిపోతుంది. అడుగు మూసి ఉన్న రంధ్రాల్లో గాలి కొట్టడం కూడా చాదస్తం కాదు. అడుగున ఆయిల్ మిగిలితే అది నలగదు, ఇంజన్ బ్లాకే పగలొచ్చు.

ఇంజన్ పైభాగాన్ని (హెడ్) బ్లాకుకు బిగించే హెడ్ బోల్టుల్ని చాలా ఇంజన్లలో మధ్య నుంచి అంచులకు, రెండు మూడు దఫాలుగా బిగిస్తారు. కుడుముల కుండకు వాసెన కట్టేటప్పుడు ఒక్క వైపే లాగితే గుడ్డ ముడత పడుతుంది కదా, ఆ రెండిటి మధ్య లీకు కాకుండా పెట్టే పలుచని పొర, గ్యాస్కెట్ మీద ఒత్తిడీ అంతే. కొన్ని కార్లకైతే కొంత టార్క్ ఇచ్చాక మరో 90 డిగ్రీలు తిప్పమని మాన్యువల్‌లో ఉంటుంది. కోణంతో లెక్కేస్తే రాపిడి గొడవ తగ్గుతుంది. అలా సాగే హద్దు దాటించే బోల్టుల్ని మళ్లీ వాడకూడదు. పాతవి బాగానే ఉన్నాయిగా అని బేరమాడేవాళ్లతో మేస్త్రీకి రోజూ తలనొప్పే.

నా బండికి పాడైన మర చోట కొత్త మర గొట్టం వేశాడు. బోల్టు కింద కొత్త రాగి వాషర్ పెట్టి చిన్న పానాతో బిగించాడు. ఆయిల్ కారకుండా ఆపేది మెత్తగా నలిగే ఆ వాషరే. నేను పాతదే వేసి, బలమంతా బోల్టు మీద చూపించాను.