ఎర్రర్ నాణెమా, ఎవరో చెక్కిన నాణెమా: అపోహలు - వాస్తవాలు

విశాఖ పూర్ణా మార్కెట్ చిల్లరలో వంకర నాణెం ఒకటి దొరికితే చాలు, దాని ఫోటో సాయంత్రానికల్లా వాట్సాప్‌లో "లక్షల విలువ" అంటూ తిరుగుతోంది. కొనేముందు, అమ్మేముందు ఒక్క విషయం తెలుసుకోండి. మింట్‌లో, అంటే నాణేలు తయారుచేసే ప్రభుత్వ కర్మాగారంలో, లోహపు రేకు నుంచి గుండ్రటి బిళ్లలు కోస్తారు. వాటి అంచు లేపుతారు. తర్వాత కాలర్ అనే ఉక్కు వలయంలో పెట్టి, పైనా కిందా డైలతో, అంటే బొమ్మ చెక్కిన ఉక్కు దిమ్మలతో, అచ్చు కొడతారు. నిజమైన ఎర్రర్, అంటే తయారీలోనే జరిగిన పొరపాటు, ఈ దారిలోనే ఎక్కడో పుట్టాలి. ఎక్కడ పుట్టిందో చెప్పలేకపోతే, అది బయట జరిగిన పనే అనుకుని పరీక్ష మొదలుపెట్టండి.

అపోహ: మింట్ గుర్తు లేని నాణెం ఎర్రర్.

వాస్తవం: కోల్‌కతా మింట్ గుర్తు వెయ్యదు. సంవత్సరం కింద చుక్క ఉంటే నోయిడా, నక్షత్రం ఉంటే హైదరాబాద్, డైమండ్ ఉంటే ముంబై. అలాగే పది రూపాయల నాణెం మీద గీతల సంఖ్య తేడాగా ఉన్నా తప్పేమీ కాదు. అప్పటికే 14 డిజైన్లలో విడుదల చేశామని, అన్నీ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంక్ 2018 జనవరిలోనే ప్రకటించింది.

అపోహ: పది రూపాయల నాణెంలో మధ్య బిళ్ల పక్కకు తిరిగి ఉంటే అరుదైన ఎర్రర్.

వాస్తవం: ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. మధ్య బిళ్లకీ బయటి వలయానికీ విడివిడిగా అచ్చు పడదు. రెండూ ఉత్తవిగా ఉండగా ఒకదాంట్లో ఒకటి పెట్టి, ఒకే దెబ్బకి బొమ్మ కొడతారు, ఆ దెబ్బకే అవి బిగుసుకుంటాయి. కాబట్టి వలయం మీది అక్షరాలు నిటారుగా ఉండి, మధ్యలోని సింహాలు మాత్రం పక్కకు ఒరిగితే, బిళ్లను తర్వాత ఊడగొట్టి తిప్పి పెట్టారన్నమాట. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో రెండు లోహాలు కలిసే గీత చూడండి. అక్కడ కొత్త గీకుళ్లు, సుత్తి దెబ్బకు అణిగిన చోట్లు, ఒక వైపు బిళ్ల కాస్త లేచి ఉండటం కనిపిస్తాయి. మధ్య బిళ్ల నిజంగా జరిగి అచ్చు పడితే బొమ్మ మాత్రం తెగదు, ఒక లోహం మీంచి ఇంకో లోహం మీదికి నిరాటంకంగా సాగుతుంది.

డై తిరిగిన ఎర్రర్ వేరు. అందులో ఒక వైపు మొత్తం, వలయంతో సహా, తిరుగుతుంది. బొమ్మ వైపు నిటారుగా పట్టుకుని, పుస్తకం పేజీ తిప్పినట్టు తిప్పండి. మన నాణేల్లో బొరుసు కూడా నిటారుగానే రావాలి. నాలుగైదు డిగ్రీల తేడాకి విలువేమీ పెరగదు. 90, 180 డిగ్రీలైతే సేకరణదారులు ఆసక్తి చూపుతారు.

అపోహ: అంచు కొరికినట్టు ఉంటే క్లిప్ ఎర్రర్.

వాస్తవం: రేకులో ఇంతకుముందు కోసిన కంత మీదికి, బిళ్లలు కోసే పంచ్ మళ్లీ పడితే వంపు క్లిప్ వస్తుంది. అచ్చు పడేటప్పుడు లోహం ఖాళీ వైపు జరుగుతుంది కాబట్టి, క్లిప్ దగ్గరి అక్షరాలు కాస్త సాగి మసకబారతాయి. క్లిప్‌కి సరిగ్గా ఎదురుగా ఉండే అంచు చాలాసార్లు పల్చగా, సరిగా లేవకుండా ఉంటుంది. ఎందుకంటే అంచు లేపే యంత్రంలో ఆ చోట ఒత్తిడి తగ్గుతుంది. ఆకురాయితో అరగదీసిన నాణెంలో ఇవేవీ ఉండవు. అక్షరం కత్తితో కోసినట్టు తెగిపోతుంది, కోసిన చోట సమాంతరంగా సన్నటి గీతలు, మిగతా నాణెం కంటే తళతళలాడే లోహం కనిపిస్తాయి.

అపోహ: బొమ్మ తిరగేసి, గుంటలా పడితే బ్రాకేజ్.

వాస్తవం: ముందు కొట్టిన నాణెం డైకి అతుక్కుపోతే, తర్వాతి బిళ్ల మీద దాని అద్దపు ప్రతిబింబం లోతుగా పడుతుంది. పూర్తి బ్రాకేజ్‌లో ఆ వైపు అసలు డిజైన్ జాడే ఉండదు. రెండు నాణేలను బెంచ్ వైస్‌లో బిగించి నొక్కితే కూడా తిరగేసిన అక్షరాలు వస్తాయి. కానీ వాటి కింద పాత బొమ్మ అణిగి కనిపిస్తూనే ఉంటుంది, రెండో వైపు ఎత్తైన చోట్లు చదునైపోతాయి. గీతలకి కూడా ఒక గుర్తుంది. డై పగిలితే నాణెం మీద గీత ఉబ్బుగా వస్తుంది. లోతుగా దిగిన గీత దాదాపు ఎప్పుడూ తర్వాత పడిన దెబ్బే.

అపోహ: రంగు మారితే వేరే లోహం మీద కొట్టినట్టే.

వాస్తవం: ముందు తూకం వెయ్యండి. కురుపాం మార్కెట్‌లో బంగారం తూచే, 0.01 గ్రాము చూపే కాటా సరిపోతుంది. 2011 సిరీస్‌లో రూపాయి 3.79, రెండు రూపాయలు 4.85, ఐదు 6, పది 7.71 గ్రాములు. రూపాయి, రెండు రూపాయలు అయస్కాంతానికి అంటుకునే స్టీలు. బంగారు రంగు రూపాయి కూడా అయస్కాంతానికి అంటుకుని, అదే 3.79 దగ్గర తూగితే, అది పూత. వేరే బిళ్ల మీద కొట్టినదైతే తూకం, మందం ఆ వేరే నాణేనికి సరిపోవాలి.

ఆర్కే బీచ్, భీమిలి ఇసుకలో దొరికేవి ఇంకో రకం. ఉప్పు తినేసి, ఇసుక అరగదీసి, అక్షరాలు పోయి పల్చబడతాయి. వాటిని "బలహీనమైన అచ్చు" అని అమ్ముతున్నారు. అచ్చు సరిగా పడని నాణేనికి ఉపరితలం నున్నగానే ఉంటుంది, సముద్రం తిన్నదానికి భూతద్దంలో సన్నటి గుంటలు కనిపిస్తాయి.

అపోహ: తోమితే గుర్తులు బాగా కనిపిస్తాయి, ధర పెరుగుతుంది.

వాస్తవం: చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి తోమే పొడి ఏదీ ముట్టించకండి. మింట్ మెరుపు ఒకసారి పోతే తిరిగి రాదు, పైగా పరీక్షకి పనికొచ్చే ఆనవాళ్లు కూడా చెరిగిపోతాయి. మీరే ఆకురాయి, సుత్తి పట్టడం ఇంకా ప్రమాదం: 2011 నాణేల చట్టం కింద నాణేన్ని కరిగించినా, ధ్వంసం చేసినా ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు.

వైష్ణోదేవి బొమ్మ ఉన్న నాణేనికి లక్షలిస్తామనే ప్రకటనలు నమ్మకండి. పాత నాణేలు, నోట్ల అమ్మకాలతో తమకు సంబంధం లేదని, కమీషన్లేవీ అడగబోమని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులో ప్రకటించింది. ముందుగా రిజిస్ట్రేషన్ ఫీజు పంపమని ఎవరైనా అడిగితే ఫోన్ పెట్టేయండి.