మూడూ నాలుగూ కలిస్తే ఏడేనా?

గంపలో 3 కిలోల ఇసుక ఉంది. ఇంకో 4 కిలోలు పోస్తే 7 కిలోలవుతుంది. ఇందులో అనుమానం లేదు. ఇప్పుడు ఒక పెట్టెకు రెండు తాళ్లు కట్టి ఒకరు 3 న్యూటన్ల బలంతో, ఇంకొకరు 4 న్యూటన్ల బలంతో లాగుతున్నారనుకోండి. మొత్తం బలం ఎంత? ఇద్దరూ ఒకేవైపు లాగితే 7. ఎదురెదురుగా లాగితే 1. తాళ్లు ఒకదానికొకటి లంబంగా ఉంటే 5. తాళ్ల మధ్య కోణాన్ని బట్టి 1 నుంచి 7 దాకా ఎంతైనా రావచ్చు.

ద్రవ్యరాశి అదిశ రాశి, బలం సదిశ రాశి. పరిమాణం మాత్రమే ఉంటే అదిశ, దిశ కూడా ఉంటే సదిశ అని బడిలో అందరం వల్లె వేసిందే. అది తప్పని అనను గానీ, సగం మాటే. అసలు కీలకం కూడికలో ఉంది.

తీగలో కరెంటు ఎటు పోతోందో బాణం గుర్తు వేసి మరీ చూపిస్తాం. పరిమాణం ఉంది, దిశా ఉంది. అయినా విద్యుత్ ప్రవాహం అదిశ రాశే! 3 ఆంపియర్లు, 4 ఆంపియర్లు మోసుకొచ్చే రెండు తీగలు ఒకచోట కలిస్తే, అక్కడినుంచి బయటికెళ్లే తీగలో 7 ఆంపియర్లు ఉంటాయి. తీగల్ని ఏ కోణంలో వంచినా ఆ 7 మారదు. ఉష్ణోగ్రత ముందుండే మైనస్ గుర్తు కూడా ఇలాగే పొరపాటు పడేలా చేస్తుంది. అది సున్నాకి ఎంత కింద ఉన్నామో చెబుతుంది, అంతే.

సదిశల కూడిక వేరు. మొదటి బాణం కొన దగ్గర రెండో బాణం తోక పెట్టి, మొదటి తోక నుంచి చివరి కొనకు గీసిన బాణమే ఫలితం. ఏది ముందు, ఏది వెనక అన్న తేడా ఉండకూడదు. ఈ షరతు చాలా ముఖ్యం. ఒక పుస్తకాన్ని అట్ట పైకి ఉండేలా బల్ల మీద పెట్టండి. అవతలి అంచు పైకెత్తి, అట్ట మీ వైపు తిరిగేలా నిలబెట్టి, తర్వాత నిలువు అక్షం చుట్టూ 90 డిగ్రీలు తిప్పండి. అట్ట పక్కకి చూస్తుంది. మళ్లీ మొదటికొచ్చి, ఈసారి ముందు బల్ల మీదే 90 డిగ్రీలు తిప్పి, తర్వాత అవతలి అంచు పైకెత్తండి. అట్ట మీ వైపే ఉంటుంది, అక్షరాలు మాత్రం అడ్డంగా పడుకుంటాయి. అవే రెండు తిప్పుడ్లు, ఫలితాలు వేరు. అందుకే ఇలాంటి పెద్ద భ్రమణానికి పరిమాణం, అక్షం రెండూ ఉన్నా అది సదిశ కాదు. నాకు ఈ ప్రయోగం ఎంతో ఇష్టం. దీనికి ఒక పుస్తకం చాలు.

సదిశకు వెక్టర్, అదిశకు స్కేలార్ అనే మాటల్ని ఈ అర్థంలో 1840లలో తెచ్చినవాడు ఐర్లండు గణితజ్ఞుడు విలియం రోవాన్ హామిల్టన్. లాటిన్‌లో వెక్టర్ అంటే మోసుకెళ్లేది.

దిశతో కలిపి చూస్తే వేగమూ సదిశే. ఇప్పుడు 100 మీటర్ల వెడల్పున్న ఏరు దాటాలి. పడవ వేగం సెకనుకు 4 మీటర్లు, ప్రవాహం 3 మీటర్లు. ముక్కు సూటిగా ఎదుటి ఒడ్డుకేసి పెడితే 25 సెకన్లలో దాటేస్తాం, కానీ 75 మీటర్లు దిగువన తేలతాం. ప్రవాహం దాటే సమయాన్ని ముట్టుకోదు, పడవను పక్కకి మాత్రమే తోస్తుంది. సరిగ్గా ఎదుటి చోటుకే చేరాలంటే ముక్కును ఎగువకు వాల్చాలి. అప్పుడు దాటడానికి మిగిలే వేగం 7కి వర్గమూలం, అంటే సుమారు 2.65 మీటర్లు. దాదాపు 38 సెకన్లు పడుతుంది. ప్రవాహం 4 మీటర్లు దాటిందంటే, ముక్కు ఎటు తిప్పినా ఆ చోటుకు నేరుగా చేరలేం.