స్కూల్ బోర్డు సభ్యులకు నీతి నియమాలు: అపోహలు – వాస్తవాలు

చాలా ఏళ్లు క్లాసులో పాఠాలు చెప్పి, తర్వాత స్కూల్ బోర్డు (బడిని నడిపే కమిటీ) సమావేశాలకు మినిట్స్, అంటే చర్చలు, నిర్ణయాల రికార్డు, రాసే పనిలోకి వచ్చాను. పక్కవాడి పేపర్ చూసి రాసిన పిల్లవాడి ఇంటికి ఆ రోజే ఫోన్ వెళ్తుంది. అదే, ఒక బోర్డు సభ్యుడు తప్పు చేస్తే "మనలో మనం మాట్లాడుకుందాం" అంటారు. ఈ తేడా నన్ను బాధపెడుతుంది.

అపోహ: బంధువుల కాంట్రాక్టు చర్చకు వస్తే సభ్యుడు ఓటు వేయకుండా ఉంటే చాలు.

వాస్తవం: చాలదు. ఆ మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే మిగతావాళ్లకు నోరు రాదు. ఒక బస్సుల కాంట్రాక్టు విషయంలో ఇది కళ్లారా చూశాను. ఆ సభ్యుడు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. రేటు ఎందుకంత ఎక్కువని అడిగినవాళ్లూ లేరు. కాలిఫోర్నియాలో నగర కౌన్సిల్ సభ్యుల్లాంటి అధికారులు తమకు ఆర్థిక ప్రయోజనం ఉన్న విషయం చర్చకు వస్తే, అదేమిటో అందరి ముందు చెప్పి, సాధారణంగా గది వదిలి బయటికి వెళ్లాలి. ఇంగ్లండులో ప్రభుత్వ నిధులతో నడిచే బడుల గవర్నర్లు (అక్కడి బోర్డు సభ్యులు) తమ వ్యాపార సంబంధాలను బడి వెబ్‌సైట్‌లో పెట్టాలి. క్విజ్‌లో తమ్ముడు ఆడుతుంటే అన్నను మార్కులు వేయనిస్తామా? ఆ బల్ల దగ్గరకే రానివ్వం.

అపోహ: ఫోన్ గ్రూపులో ముందే తేల్చుకుంటే టైమ్ కలిసొస్తుంది.

వాస్తవం: కాలిఫోర్నియాలో బోర్డు సమావేశాలు ప్రజల ముందే జరగాలని 1953లో వచ్చిన బ్రౌన్ చట్టం ప్రకారం, బోర్డులో సగానికి పైగా సభ్యులు బయట సందేశాలతో ఒక విషయాన్ని చర్చించుకోవడం నిషిద్ధం. మామూలు సమావేశానికి 72 గంటల ముందే అజెండా అందరికీ కనిపించేలా పెట్టాలి. లెక్కకు జవాబు ఒక్కటే రాస్తే మార్కులు తగ్గిస్తాం, స్టెప్పులు ఏవని అడుగుతాం. బోర్డు రాయాల్సిన స్టెప్పులు మినిట్స్‌లో ఉంటాయి.

అపోహ: జీతం లేని సేవ కదా, మరీ అంత గట్టిగా అడగకూడదు.

వాస్తవం: క్లాస్ లీడరుకూ జీతం లేదు. బ్రిటన్‌లో ప్రజా పదవుల్లో ఉన్నవాళ్లు ఎలా నడుచుకోవాలో 1995లో నోలన్ కమిటీ చెప్పిన ఏడు సూత్రాలు జీతం తీసుకోని స్కూల్ గవర్నర్లకూ వర్తిస్తాయి.

అపోహ: తప్పు ఒప్పుకుంటే బడి పరువు పోతుంది.

వాస్తవం: ఒక చైర్‌పర్సన్ నిండు సమావేశంలో లేచి, "ఈ కాంట్రాక్టరుతో నాకున్న సంబంధం ముందే చెప్పాల్సింది, నాదే తప్పు" అన్నారు. టెండరు మళ్లీ పిలిచారు. అంతకుముందు కోపంగా అరుస్తున్న తల్లిదండ్రులు ఆ తర్వాత కూర్చుని రేట్ల గురించి ప్రశ్నలు అడిగారు.

మీ పిల్లల బడి సమావేశానికి వెళ్లినప్పుడు సభ్యుల ఆర్థిక సంబంధాల రిజిస్టర్ చూపించమని అడగండి. అలాంటిది లేదంటే, అజెండాలో పెట్టమని కాగితం మీద రాసివ్వండి. అందినట్టు సంతకం తీసుకోండి.