డబ్బు పోయిన మొదటి గంట: సైబర్ మోసాలపై అపోహలు - వాస్తవాలు

శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి ఖాతాలోంచి డబ్బు పోతుంది. సోమవారం పదిన్నరకి పాస్‌బుక్కు, ఆధార్ జిరాక్సు పట్టుకుని బ్రాంచికి వస్తారు. "మధ్యలో రెండు రోజులు సెలవు కదండీ, అందుకే ఆగాం" అంటారు. సైబర్ మోసాల ఫిర్యాదులు చూసేవాళ్లకు ఈ మాట కొత్త కాదు. ఆ 64 గంటల్లో సొమ్ము నాలుగైదు ఖాతాలు దాటి, ఎక్కడో ఒక ఏటీఎంలో నోట్లుగా మారిపోయి ఉంటుంది. అలా వచ్చినవాళ్లను తప్పుపట్టడానికి నోరు రాదు. బ్యాంకు పని బ్యాంకు వేళల్లోనే అవుతుందన్నది మన ఇళ్లలో దశాబ్దాల అలవాటు. యూపీఐ, ఐఎంపీఎస్ మాత్రం ఆదివారం అర్ధరాత్రి కూడా నడుస్తాయి. దొంగ సొమ్మూ వాటితోపాటే నడుస్తుంది.

అపోహ: ముందు బ్యాంకుకు వెళ్లి అడగాలి, అక్కడ తేలకపోతే పోలీసులకు చెప్పాలి.

వాస్తవం: ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. చెప్పులు వేసుకోకముందే, ఇంట్లో ఎవరితోనూ చర్చ మొదలుపెట్టకముందే.

ఈ నంబరు వెనక ఏం జరుగుతుందో తెలిస్తే తొందర ఎందుకో అర్థమవుతుంది. 1930కి వచ్చే ఫోన్ ఎత్తేది మీ రాష్ట్ర పోలీసు సిబ్బంది. తెలంగాణలో ఆ పని సైబర్ సెక్యూరిటీ బ్యూరో చూస్తుంది. మీరు చెప్పిన వివరాలను కేంద్ర హోంశాఖ కింద ఉన్న ఐ4సీ (సైబర్ నేరాల సమన్వయ కేంద్రం) వ్యవస్థలోకి ఎక్కిస్తారు. వెంటనే మీ బ్యాంకుకు టికెట్, అంటే ఆ ఫిర్యాదు సమాచారం, వెళ్తుంది. డబ్బు ఏ బ్యాంకులోని ఏ ఖాతాకు చేరిందో మీ బ్యాంకు చూసి చెబుతుంది, టికెట్ ఆ బ్యాంకుకు చేరుతుంది. అక్కడ ఇంకా నిల్వ ఉంటే ఆ మేరకు హోల్డ్ పెడతారు, అంటే ఆ సొమ్ము కదలకుండా ఆపేస్తారు. అప్పటికే దాటిపోయి ఉంటే, ఎక్కడికి దాటిందో రాసి తర్వాతి బ్యాంకుకు పంపుతారు. ఈ గొలుసులో ఒక్కో మెట్టును లేయర్ అంటారు. మొదటి లేయర్‌లో మొత్తం ఒకే చోట ఉంటుంది. రెండో లేయర్‌లో ఐదారు ముక్కలవుతుంది. మూడో లేయర్ దాటాక ఏటీఎం, చెక్కు విత్‌డ్రాయల్, క్రిప్టో కొనుగోలు వంటి దారుల్లో వ్యవస్థ బయటికి వెళ్లిపోతుంది. నోటుగా మారిన డబ్బుకు హోల్డ్ పెట్టలేరు. దొంగ డబ్బు దాటించే వేగం కంటే టికెట్ వేగం ఎక్కువ ఉండాలి, అంతే విషయం.

బ్రాంచిలోనే ముందు చెప్పాలని వెళ్తే టోకెన్ తీసుకుని, ఉత్తరం రాసి, మేనేజరు సంతకం అయ్యేసరికి మధ్యాహ్నం అవుతుంది. పైగా అవతలి బ్యాంకు ఖాతాను మీ బ్రాంచి మేనేజరు ఆపలేరు. ఆ అధికారం ఆ కౌంటర్‌లో లేదు.

ఇంకొక ఆలస్యం మన ఇళ్లలో మరీ ఎక్కువ. "అమ్మాయి అమెరికాలో ఉంది, లేచాక ఫోన్ చేసి అడుగుదాం" అని పెద్దవాళ్లు ఆగిపోతారు. అక్కడ తెల్లవారేసరికి ఇక్కడ సాయంత్రం. పిల్లలకు చెప్పండి, వద్దని కాదు. 1930 ఫోన్ అయ్యాక చెప్పండి. విదేశాల్లో ఉన్న పిల్లలు చేయగల పని ఒకటుంది: "నాకు చెప్పడానికి ముందు 1930కి చేయి నాన్నా, నేనేమీ అనను" అని ఈరోజే చెప్పి పెట్టడం. సగం ఆలస్యానికి కారణం పిల్లలు కోప్పడతారన్న భయమే.

ఫోన్ చేసేటప్పుడు దగ్గర ఉంచుకోవలసినవి: మీ బ్యాంకు పేరు, ఖాతా లేదా కార్డు నంబరు, పోయిన మొత్తం, సమయం, డబ్బు వెళ్లిన యూపీఐ ఐడీ లేదా ఖాతా నంబరు. అన్నిటికంటే ముఖ్యం యూటీఆర్, అంటే ఒక్కో లావాదేవీకి బ్యాంకుల్లో ఉండే గుర్తింపు నంబరు. యూపీఐ, ఐఎంపీఎస్‌లకు అది 12 అంకెలు. నెఫ్ట్‌కు 16, ఆర్టీజీఎస్‌కు 22 అక్షరాలు, అంకెలు కలిపి ఉంటాయి. ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. కొన్ని యాప్‌లు తమ సొంత ట్రాన్సాక్షన్ ఐడీని పెద్దగా, పైన చూపిస్తాయి. యూటీఆర్ దాని కింద చిన్నగా ఉంటుంది. యాప్ ఐడీ పట్టుకుని బ్యాంకులు వెతకలేవు. బ్యాంకు ఎస్ఎంఎస్‌లో ఉన్న 12 అంకెల నంబరు చదవండి.

రెండో పొరపాటు, మొత్తం కలిపి చెప్పడం. ఐదు విడతల్లో 90 వేలు పోతే ఐదు యూటీఆర్‌లు ఉంటాయి. ఒక్కటి చెప్పి "మొత్తం 90 వేలండీ" అంటే వెతుకులాట ఆ ఒక్కదాని వెంటే వెళ్తుంది, మిగిలిన నాలుగూ అలాగే ఉండిపోతాయి. ఒక్కోటి విడిగా చదవండి, రాయించండి.

లైన్ బిజీ వస్తే పెట్టేసి కూర్చోవద్దు. ఒకరు డయల్ చేస్తూ ఉంటే మరొకరు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో ఆర్థిక మోసం విభాగం తెరిచి నింపండి. ఫిర్యాదు నమోదు కాగానే అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు ఎస్ఎంఎస్‌గా వస్తుంది. ఫోన్లో చెప్పినంత మాత్రాన పని పూర్తి కాలేదు. 24 గంటల్లోగా ఆ నంబరుతో పోర్టల్‌లోకి వెళ్లి స్క్రీన్‌షాట్లు, స్టేట్‌మెంటు జతచేసి ఫిర్యాదు పూర్తిచేయాలి. చాలామంది ఎస్ఎంఎస్ చూసి "అయిపోయింది" అనుకుని వదిలేస్తారు.

ఆ వెంటనే బ్యాంకు 24 గంటల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి. ఆ నంబరు డెబిట్ కార్డు వెనక ఉంటుంది. దయచేసి గూగుల్‌లో వెతకవద్దు. ఒకసారి మోసపోయి కంగారులో ఉన్నవాళ్ల కోసమే అక్కడ నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు కాచుకుని ఉంటాయి. రెండో దెబ్బ అక్కడే తగులుతుంది.

అపోహ: పిన్ నేనే కొట్టాను, ఓటీపీ నేనే చెప్పాను. ఇక ఫిర్యాదు చేసినా చెల్లదు.

వాస్తవం: ఇక్కడ రెండు వేర్వేరు దారులున్నాయి, జనం వాటిని కలిపేసుకుంటున్నారు.

మొదటిది హోల్డ్ దారి, పైన చెప్పినది. దానికి పిన్ ఎవరు కొట్టారన్నది అడ్డే కాదు. మోసపోయి మీ చేత్తో మీరే పంపినా అది నేరమే, సొమ్ము ఎక్కడున్నా ఆపవచ్చు. సిగ్గుపడి ఆగినవాళ్లు పోగొట్టుకున్నది ఈ దారి.

రెండోది బ్యాంకు బాధ్యత దారి. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్‌తో ఈ నిబంధనలు వచ్చాయి. ఇది మీ ప్రమేయం లేకుండా జరిగిన లావాదేవీలకు. తప్పు బ్యాంకుదైతే మీరు ఎప్పుడు చెప్పినా మీ నష్టం సున్నా. తప్పు మీదీ కాదు, బ్యాంకుదీ కాదు, మధ్యలో ఇంకెక్కడో అనుకోండి. అప్పుడు బ్యాంకు సందేశం అందాక 3 పనిదినాల్లో చెబితే నష్టం సున్నా. 4 నుంచి 7 పనిదినాల్లో చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకు గరిష్ఠంగా 10 వేలు, బేసిక్ సేవింగ్స్ ఖాతాకు 5 వేల వరకే మీరు భరించాలి. 7 దాటితే బ్యాంకు సొంత పాలసీ ప్రకారం. సందేశం అందిన రోజును లెక్కలో కలపరు. తప్పు ఖాతాదారుదని నిరూపించే భారం బ్యాంకు మీద ఉంటుంది. మీరు చెప్పిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమచేయాలి, 90 రోజుల్లో తేల్చాలి.

మరి ఓటీపీ చెప్పినవాళ్ల సంగతి? అబద్ధపు ఆశ పెట్టకూడదు: బ్యాంకుకు చెప్పేవరకు జరిగిన నష్టం ఖాతాదారుదే. కానీ చెప్పిన క్షణం తర్వాత పోయే ప్రతి రూపాయీ బ్యాంకుది. రాత్రి 9.10కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబరు తీసుకున్నారు, 9.25కి ఇంకో 40 వేలు పోయాయి. ఆ 40 వేలు బ్యాంకు ఇవ్వాలి. అందుకే కంప్లైంట్ నంబరు, సమయం రెండూ రాసిపెట్టుకోండి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకులపై ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. సమాచారానికి 14448.

అపోహ: హోల్డ్ పెట్టారంటే డబ్బు దానంతటదే తిరిగొస్తుంది.

వాస్తవం: రాదు, అడగాలి. హోల్డ్ అయిన సొమ్ము విడిపించడానికి మామూలు దారి కోర్టు ఉత్తర్వు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 503 కింద పిటిషన్ వేస్తారు. పాత సీఆర్‌పీసీలో ఇది 457. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా కూడా ఇలాంటి రీఫండ్లు ఇప్పించారు, మీ సైబర్ పోలీస్ స్టేషన్‌లో ఆ మాట అడగండి. ఏ బ్యాంకులో ఎంత హోల్డ్ అయిందో అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు చెబితే స్టేషన్‌లో తెలుస్తుంది. "పది శాతం ఇస్తే మొత్తం రికవరీ చేయిస్తాం" అని వాట్సాప్‌లో వచ్చేవాళ్లు మళ్లీ అదే ముఠా అనుకోండి.

అపోహ: వీడియో కాల్‌లో పోలీసు యూనిఫాం, కోర్టు ముద్ర ఉన్న వారెంటు చూపించారు కాబట్టి నిజమే అయి ఉంటుంది.

వాస్తవం: ఇలా వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామని బెదిరించడాన్ని డిజిటల్ అరెస్టు అంటున్నారు. అలాంటిది మన చట్టంలో ఎక్కడా లేదు. వాట్సాప్‌లో పోలీసు నోటీసు ఇవ్వడం కూడా చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. ఈ మోసాలను తనంతట తానే విచారణకు తీసుకున్న అదే కోర్టు 2025 డిసెంబరు 1న దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. "వెరిఫికేషన్ కోసం మీ డబ్బు ప్రభుత్వ ఖాతాలో పెట్టండి, చూసి తిరిగిస్తాం" అని ఏ సంస్థా అడగదు. కాల్ కట్ చేస్తే ఏమీ కాదు. ఈ ఉచ్చులో పడినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. రిటైరైన అధికారులు, డాక్టర్లు పడ్డారు. గంటల తరబడి నిద్ర లేకుండా, ఎవరితోనూ మాట్లాడనివ్వకుండా భయపెడితే ఎవరి బుద్ధయినా స్తంభిస్తుంది. ఒక్క విన్నపం: పెద్దవాళ్లు ఎఫ్‌డీ మధ్యలో తీసి కొత్త ఖాతాకు ఆర్టీజీఎస్ చేయమంటే బ్యాంకు ఉద్యోగి "ఎందుకండీ?" అని అడుగుతారు. "ఇల్లు కొంటున్నాం" అని చెప్పమని దొంగ ముందే నేర్పి ఉంటాడు. ఆ ప్రశ్నను అవమానంగా తీసుకోకండి.

అపోహ: డబ్బు రావాలంటే పిన్ కొట్టాలి.

వాస్తవం: ఎప్పుడూ కాదు. పిన్ డబ్బు పంపడానికి, బ్యాలెన్స్ చూడటానికి, ఆటోపే ఒప్పుకోవడానికి. వ్యక్తుల మధ్య కలెక్ట్ రిక్వెస్టులను (డబ్బు పంపమని యాప్‌లో అడిగేవి) యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపేసింది, అయితే క్యూఆర్ పంపి "స్కాన్ చేయండి, రీఫండ్ పడుతుంది" అనేవాళ్లు ఇంకా ఉన్నారు.

అపోహ: ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) తెరిచాను, ఫోన్ ఫార్మాట్ చేసేస్తే సరి.

వాస్తవం: చలాన్ పేరుతో, పెళ్లి శుభలేఖ పేరుతో వచ్చే ఈ ఫైళ్లు మీ ఎస్ఎంఎస్‌లు చదివి ఓటీపీలు పంపించేస్తాయి. ముందు మొబైల్ డేటా, వైఫై ఆపండి. సిమ్ తీసి వేరే ఫోన్లో వేసి ##002# డయల్ చేస్తే కాల్ ఫార్వర్డింగ్‌లు రద్దవుతాయి. అక్కడి నుంచే 1930కి, బ్యాంకుకు చేయండి. డబ్బు పోయి ఉంటే ఫార్మాట్ చేయకండి, చాట్ తుడిచేయకండి. ఆ ఫైలు, పంపిన నంబరు సాక్ష్యాలు.

అపోహ: నా ఖాతా నంబరు వాడుకోనిచ్చి కమీషన్ తీసుకున్నాను, మోసం చేసింది నేను కాదు కదా.

వాస్తవం: ఇంజినీరింగ్ పిల్లలు ఎక్కువగా ఇరుక్కునేది ఇందులోనే. మొదటి లేయర్ ఖాతా వాళ్లదే అవుతుంది, పోలీసులు మొదట తలుపు తట్టేది వాళ్లింటికే. భారతీయ న్యాయ సంహిత 318(4) కింద ఏడేళ్ల వరకు జైలు. అకౌంటు కిట్టు, సిమ్ కలిపి ఎవరికీ ఇవ్వకండి.

దీనికి పూర్తిగా భిన్నమైనది, ఏ పాపం తెలియని టిఫిన్ సెంటర్ యజమాని ఖాతా ఆగిపోవడం. దొంగ సొమ్ములోంచి ఎవరో 300 రూపాయల బిల్లు కడితే గొలుసు అక్కడిదాకా వస్తుంది. అప్పుడు బ్రాంచిలో రాతపూర్వకంగా మూడు అడగండి: ఏ రాష్ట్ర పోలీసులు, ఏ అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు, ఎంత మొత్తం మీద. ఖాతా అంతా కాకుండా వివాదంలో ఉన్న 300కే హోల్డ్ పరిమితం చేయమని రాయండి. ఆ రోజు బిల్లు, క్యూఆర్ స్టేట్‌మెంటు జతచేసి దర్యాప్తు అధికారికి పంపండి.

అపోహ: స్మార్ట్‌ఫోనే లేదు కాబట్టి అమ్మమ్మ ఖాతా భద్రం.

వాస్తవం: ఆధార్‌తో వేలిముద్ర వేసి డబ్బు తీసే ఏఈపీఎస్‌కు ఫోనూ అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల నుంచి వేలిముద్రలు కాపీ చేసి డబ్బు లాగిన కేసులు మన రెండు రాష్ట్రాల్లోనూ నమోదయ్యాయి. ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టండి. ఆమె ఆధార్‌కు లింకైన సిమ్‌కు వచ్చే ఓటీపీతో రెండు నిమిషాల పని. లాక్ ఉంటే రేషన్ షాపులోనూ వేలిముద్ర పడదు, కాబట్టి సరుకులకు వెళ్లే ముందు అదే యాప్‌లో తాత్కాలికంగా అన్‌లాక్ చేయాలి. అది 10 నిమిషాలే ఉంటుంది, అందుకని ఇంటి దగ్గర కాదు, వరుసలో ఆమె వంతు రాబోతుండగా నొక్కండి.