బ్లూస్ ఆల్బమ్‌లు: పాట ఎవరిది, రికార్డు ఎవరిది?

2025 జూలై 30న, అమెరికా నల్లజాతి వాళ్ల సంగీతమైన బ్లూస్‌లో పెద్ద గిటారిస్టు బడ్డీ గైకి 89 ఏళ్లు నిండాయి. సరిగ్గా ఆ రోజే ఆయన కొత్త ఆల్బమ్ ‘ఎయింట్ డన్ విత్ ద బ్లూస్’ వచ్చింది. బ్లూస్‌తో నా పని ఇంకా అయిపోలేదని పేరులోనే చెప్పేశారు. సెప్టెంబర్‌లో 26 ఏళ్ల క్రిస్టోన్ ‘కింగ్‌ఫిష్’ ఇంగ్రామ్ ‘హార్డ్ రోడ్’ విడుదల చేశారు. ఇద్దరి వయసుకీ అరవై ఏళ్లకు పైగా తేడా. గిటార్ గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. నన్ను మాత్రం రెండో ఆల్బమ్ మీద ఉన్న కంపెనీ పేరు ఆపేసింది. రెడ్ జీరో రికార్డ్స్. అది ఇంగ్రామ్ సొంత కంపెనీ. ఒక బ్లూస్ కుర్రాడు తన పాటను తనే అచ్చు వేయించుకోవడం ఎంత పెద్ద సంగతో తెలియాలంటే నూరేళ్లు వెనక్కి వెళ్లాలి.

బ్లూస్ పుట్టిల్లుగా అందరూ చెప్పేది మిసిసిపీ డెల్టా. మన గోదావరి డెల్టాలాగా నది సముద్రంలో కలిసే చోటు కాదది. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రానికి వాయవ్యాన, మిసిసిపీ, యాజూ నదుల మధ్య ఉన్న పల్లపు నేల. బానిసత్వం పోయాక కూడా నల్లజాతి కుటుంబాలు అక్కడ తెల్ల దొరల పత్తి చేలల్లో పంటలో వాటాకు పనిచేసేవి. లెక్కలు రాసేది మాత్రం దొరే. 1903 ప్రాంతంలో డబ్ల్యూ.సి. హ్యాండీ అనే బ్యాండ్ మాస్టర్ టట్‌వైలర్ స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు, పక్కన ఒకాయన గిటార్ తీగల మీద చాకు ఆనించి, జారుస్తూ పాడటం విన్నాడు. మన చిత్రవీణ విన్నవాళ్లకి ఆ జారుడు నాదం వెంటనే చెవికి అందుతుంది. ఆ పాడినాయన పేరు ఎక్కడా నమోదు కాలేదు. హ్యాండీ పేరు మిగిలింది.

1920 ఆగస్టులో మేమీ స్మిత్ పాడిన ‘క్రేజీ బ్లూస్’ రికార్డు విపరీతంగా అమ్ముడుపోయింది. నల్లవాళ్లు కూడా రికార్డులు కొంటారని కంపెనీలకు అప్పుడు తెలిసొచ్చింది. ‘రేస్ రికార్డ్స్’ అని విడిగా ఒక వరస మొదలుపెట్టాయి. అందులో పేరుమోసిన పారమౌంట్ నిజానికి విస్కాన్సిన్‌లోని ఒక కుర్చీల కంపెనీకి చెందినది. వాళ్లు ఫోనోగ్రాఫ్ పెట్టెలు చేసేవాళ్లు, పెట్టెలున్నాయి కదా అని రికార్డుల్లోకి దిగారు. చార్లీ ప్యాటన్, సన్ హౌస్ లాంటి మహానుభావులు డెల్టా నుంచి అంత దూరం వెళ్లి పాడి వచ్చారు. ఇలాంటి గాయకులకు ఎక్కువగా పాటకింత అని చేతిలో పెట్టి పంపేవాళ్లు, తర్వాత ఎన్ని అమ్ముడైనా వాళ్లకేమీ రాదు. ఆర్థిక మాంద్యంలో పారమౌంట్ మూతపడ్డాక చాలా మాస్టర్లు, అంటే రికార్డులు అచ్చువేసే అసలు లోహపు పలకలు, తుక్కు కింద పోయాయి. ప్యాటన్ గొంతును ఈరోజు మనం అరిగిపోయిన రికార్డుల గరగరలోంచి వెతుక్కోవాల్సిందే. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

1941లో జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్, అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున రికార్డింగ్ మిషన్ పట్టుకుని డెల్టాలోని క్లార్క్స్‌డేల్ దగ్గరి స్టోవాల్ ప్లాంటేషన్‌కు వచ్చాడు. అక్కడ చెక్క ఇంట్లో ఉండే ఒక ట్రాక్టర్ డ్రైవర్ పాట రికార్డు చేశాడు. అతనే తర్వాత షికాగో బ్లూస్‌కు పెద్ద పేరైన మడ్డీ వాటర్స్. తన గొంతు బయటి నుంచి ఎలా వినిపిస్తుందో అతనికి తెలియడం అదే మొదలు. కొన్నాళ్లకు పోస్టులో రెండు రికార్డులు, 20 డాలర్ల చెక్కు వచ్చాయి. మడ్డీ ఒక రికార్డు తీసుకెళ్లి వీధి చివర నాణెం వేస్తే పాడే జ్యూక్‌బాక్స్‌లో పెట్టించి, మళ్లీ మళ్లీ విన్నాడు. 1943లో షికాగో రైలెక్కాడు. ఆ మరుసటి ఏడాదే, క్లార్క్స్‌డేల్‌కు దగ్గర్లోని హాప్సన్ ప్లాంటేషన్లో పత్తి ఏరే యంత్రాన్ని జనం ముందు నడిపి చూపించారు. చేలల్లో మనుషుల అవసరం తగ్గుతూ పోయింది, ఉత్తరాది నగరాలకు వలస ఇంకా పెరిగింది. పాట కూడా వాళ్లతో వెళ్లి, షికాగో రొదలో వినపడటానికి కరెంటు గిటార్ పట్టింది.

లూసియానా నుంచి 1957లో అక్కడికి చేరినవాడే బడ్డీ గై. ఆయనదీ వాటాకు సాగు చేసే కుటుంబమే. 1965లో డెల్మార్క్ అనే చిన్న కంపెనీ తీసిన, గాయకుడు జూనియర్ వెల్స్ ఆల్బమ్‌కు గిటార్ వాయించారు. షికాగోలోని మరో కంపెనీ చెస్ రికార్డ్స్‌తో ఉన్న ఒప్పందం అడ్డొస్తుందని అట్ట మీద ఆయన పేరు వేయలేదు, ‘ఫ్రెండ్లీ చాప్’ అని వేశారు. చెస్ పాటల హక్కులు ఎక్కువగా ఆర్క్ మ్యూజిక్ అనే ప్రచురణ కంపెనీ చేతిలో ఉండేవి. మడ్డీ వాటర్స్, చెస్‌కు పాటలు రాసిన విల్లీ డిక్సన్ 1976లో దాని మీద కోర్టుకెళ్లాకే రాజీ కుదిరి, వాళ్ల పాటలు వాళ్ల దారికొచ్చాయి. ఈరోజు షికాగోలోని పాత చెస్ స్టూడియో భవనంలో డిక్సన్ పెట్టిన బ్లూస్ హెవెన్ ఫౌండేషన్ నడుస్తోంది. పాటగాళ్లకు వాళ్ల హక్కుల గురించి చెప్పడం కూడా దాని పనుల్లో ఒకటి.

పెద్ద కంపెనీలు మొహం తిప్పుకున్నాక ఈ సంగీతాన్ని బతికించింది చిన్న కంపెనీలే. డెల్మార్క్‌లో పనిచేసిన బ్రూస్ ఇగ్లావర్, హౌండ్ డాగ్ టేలర్ పాటలు ఎలాగైనా రికార్డు చేయాలని 1971లో అలిగేటర్ మొదలుపెట్టాడు. ఇంగ్రామ్ మొదటి ఆల్బమ్ 2019లో అక్కడి నుంచే వచ్చింది. అందులో ఒక పాటలో బడ్డీ గై స్వయంగా తోడు నిలిచారు. రెండోది ‘662’. అది ఉత్తర మిసిసిపీ టెలిఫోన్ కోడ్. దానికి 2022లో గ్రామీ వచ్చింది. ఆ పేరూ, ఆ అవార్డూ చేతికొచ్చాక సొంత కంపెనీ పెట్టారు. పెద్దతరంలో బాబీ రష్ లాంటివాళ్లకు మొదటి గ్రామీ రావడానికే 83 ఏళ్లు పట్టింది, 2017లో.

ఇంగ్రామ్‌ది క్లార్క్స్‌డేలే. అక్కడి పాత రైల్వే గూడ్స్ డిపోలో డెల్టా బ్లూస్ మ్యూజియం ఉంది. చిన్నప్పుడు ఆయన గిటార్ నేర్చుకున్నది ఆ మ్యూజియం పిల్లలకు పెట్టే క్లాసుల్లోనే. ఇప్పుడు అదే మ్యూజియంలో ఒక చెక్క ఇల్లు నిలబడి ఉంది. 1941లో స్టోవాల్‌లో లోమాక్స్ మిషన్ దింపిన ఇల్లు, మడ్డీ వాటర్స్‌ది.